బంగారు సీలు కవరు, మీ అమ్మడి వేసవి

ఒరేయ్ మావా,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఫొటో చూశాను. మందపాటి కాగితం, బంగారు రంగు సీలు, మీ అమ్మడు దేశం మొత్తం మీద ఎంపిక చేసిన ప్రతిభావంతుల్లో ఒకతె అని పొగడ్త, అడుగున చిన్న అక్షరాల్లో ఫీజు. చెల్లెమ్మ దాన్ని ఫ్రిజ్ తలుపు మీద అంటించిందట. తియ్యమని చెప్పను గానీ, ఈ ఉత్తరం చదవడం అయ్యేదాకా డబ్బు మాత్రం కట్టకు. ఫోన్ చేద్దామంటే నీ డాలస్ ట్రాఫిక్‌లో సగం మాట వింటావు, సగం పక్క కారువాణ్ణి తిడతావు. అందుకే రాస్తున్నా. పెద్దదే అవుతుంది, టీ పెట్టుకుని కూర్చో.

మావాడికీ ఇలాంటి కవర్లు బోలెడు వచ్చాయి. పిల్లలు స్కూల్లో ఏవో సర్వేలు నింపినప్పుడు ఇచ్చిన అడ్రసులు ఎక్కడెక్కడికో పోతాయి. మనం అప్లై చెయ్యకుండానే సెలెక్ట్ అయ్యామని ఉత్తరం వస్తే అది అమ్మకమే, అందులో ఆలోచించడానికి ఏమీ లేదు. కొన్ని కంపెనీలు వేసవిలో పేరున్న యూనివర్సిటీల హాస్టల్ గదులు అద్దెకు తీసుకుని క్యాంపులు నడుపుతాయి. ఆ యూనివర్సిటీకీ ఆ పాఠాలకీ సంబంధం ఉండదు. ఫొటోల్లో మాత్రం వెనకాల క్లాక్ టవర్ కనిపిస్తుంది.

హార్వర్డ్, బ్రౌన్ లాంటివి సొంతంగా నడిపే ప్రోగ్రాముల్ని ఈ లెక్కలో కలపకు. అవి అసలైనవే, పాఠాలూ బాగుంటాయి. కానీ హార్వర్డ్‌లో హైస్కూల్ పిల్లల కోసం నడిపే రెండు వారాల ప్రీ-కాలేజ్‌కే ఐదు వేల డాలర్లు దాటుతుంది. అంత పెట్టి పంపితే రేపు అడ్మిషన్ దగ్గర పనికొస్తుందని మన తెలుగువాళ్ల గ్రూపుల్లో ఒక నమ్మకం. మొన్న మా వినాయక చవితి పూజ దగ్గర కూడా ఇదే చర్చ, హారతి కంటే ముందు. నా మాట విను. అక్కడికి డబ్బు కట్టి వెళ్లొచ్చిన వాళ్లు వేలల్లో ఉంటారు. అడ్మిషన్ కమిటీకి దాన్ని బట్టి తెలిసేది ఆ ఇంట్లో డబ్బుందనే. సరదాకి పంపుతానంటే పంపు, తప్పులేదు. పెట్టుబడి అనుకుంటే మాత్రం మానెయ్యి.

మీ అమ్మడికి టెలిస్కోప్ పిచ్చి అన్నావు కదా, అందుకని అసలు సంగతి రాస్తాను. సమ్మర్ సైన్స్ ప్రోగ్రామ్ అని ఒకటుంది, ఎస్ఎస్‌పీ అంటారు. రష్యావాళ్లు 1957లో స్పుత్నిక్ ఎగరేశాక అమెరికాకి సైన్సు చదువుల మీద బెంగ పట్టుకుంది చూడు, ఆ రోజుల్లో, 1959లో, కాలిఫోర్నియా ఓహైలోని థాచర్ స్కూల్లో మొదలైంది. ఇప్పుడు చాలా యూనివర్సిటీ క్యాంపస్‌లలో జరుగుతోంది, బయోకెమిస్ట్రీ లాంటివీ కలిపారు. కానీ ఆస్ట్రోఫిజిక్స్‌లో పని మాత్రం అప్పటిదే. ముగ్గురేసి పిల్లలు ఒక జట్టు. భూమికి దగ్గరగా తిరిగే ఒక ఆస్టరాయిడ్‌ని జట్టుకి అప్పజెబుతారు. రాత్రుళ్లు టెలిస్కోప్‌తో దాన్ని ఫొటో తియ్యాలి, చుక్కల మధ్య అది ఎంత జరిగిందో కొలవాలి, కక్ష్య లెక్కగట్టే ప్రోగ్రాము తామే రాసుకోవాలి. అందులో వాడేది గౌస్ పద్ధతి. 1801 జనవరి ఒకటిన పియాజీ అనే ఇటలీ ఆయన సెరెస్ అనే ఆస్టరాయిడ్‌ని కనిపెట్టి, కొన్ని వారాలు చూశాక అది సూర్యుడి వెలుగులో కనపడకుండా పోతే, మళ్లీ ఎక్కడ తేలుతుందో ఇరవై నాలుగేళ్ల గౌస్ అనే జర్మన్ లెక్కల మేధావి కాగితం మీద లెక్క కట్టాడు. ఆ ఏడాది చివర్లో దాదాపు అక్కడే దొరికింది. పదహారేళ్ల పిల్లలు ఐదారు వారాల్లో ఆ పనే చేసి, తమ కొలతల్ని మైనర్ ప్లానెట్ సెంటర్‌కి పంపుతారు. ప్రపంచంలో ఎవరు ఆస్టరాయిడ్‌ని కొలిచినా ఆ లెక్కలు చేరేది అక్కడికే. మబ్బు పట్టిన రాత్రి ఊరికే పోతుంది, మళ్లీ దొరకదు. ఏ కోచింగ్ సెంటరూ మబ్బుల గురించి పాఠం చెప్పదు కదా!

ఫీజు ఉంది గానీ ఇంటి ఆదాయాన్ని బట్టి తగ్గిస్తారు. ఫోన్ చిప్పులు చేసే క్వాల్‌కామ్ కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకాయన, 2022లో చనిపోయిన ఫ్రాంక్లిన్ ఆంటోనియో, దీనికి ఇరవై కోట్ల డాలర్లు రాసి పోయాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు ఆయన ఇక్కడే చదివాడు. అంత డబ్బు ఒక వేసవి క్యాంపుకి ఇచ్చాడంటే అక్కడ ఆయనకి ఏం దొరికిందో ఊహించుకో. మా పెన్సిల్వేనియాలోనూ ఇలాంటిదే జరిగింది. కార్నెగీ మెలన్‌లో గవర్నర్స్ స్కూల్ ఫర్ ది సైన్సెస్ అని రాష్ట్రం నడిపేది. 2009లో డబ్బు లేదని ఆపేస్తే పాత విద్యార్థులు చందాలు పోగేసి 2013లో మళ్లీ తెరిపించారు.

మావాడు వెళ్లింది లెక్కల ప్రోగ్రాముకి, బాస్టన్ యూనివర్సిటీలో జరిగే ప్రామిస్‌కి. దాని తాత రాస్ ప్రోగ్రామ్. ఆర్నాల్డ్ రాస్ అనే ప్రొఫెసర్ 1957లో నోటర్ డామ్‌లో మొదలుపెట్టి, 1964లో ఒహాయో స్టేట్‌కి తీసుకెళ్లాడు. సులువైన విషయాల గురించే లోతుగా ఆలోచించండి అనేది ఆయన సూత్రం. అక్కడ తయారైనవాళ్లే 1989లో బాస్టన్‌లో ప్రామిస్ పెట్టారు. మీకు దగ్గర్లో శాన్ మార్కోస్‌లో, టెక్సాస్ స్టేట్ యూనివర్సిటీలో 1990 నుంచి నడుస్తున్న మాథ్‌వర్క్స్ క్యాంపూ ఆ కుటుంబానిదే. మీ ఇంటి నుంచి కార్లో నాలుగు గంటలు.

ప్రామిస్‌లో ఆరు వారాలు ఏం చేస్తారో చెబుతాను. పొద్దున్న నంబర్ థియరీ, అంటే పూర్ణ సంఖ్యల గుణాల మీద లెక్చర్, తర్వాత ఆ రోజు ప్రాబ్లెమ్ సెట్, ఇక రాత్రిదాకా దాంతోనే కుస్తీ. మార్కుల్లేవు, ర్యాంకుల్లేవు. ఒక ఉదాహరణ చూడు. 5 అంటే 1, 4 కలిపితే వస్తుంది. 13 అంటే 4, 9. 17 అంటే 1, 16. ఇవన్నీ రెండు వర్గాల మొత్తాలు. 7ని అలా రాయలేవు, 11ని రాయలేవు, 19నీ రాయలేవు. ఏ ప్రైమ్ నంబర్‌ని రాయొచ్చు, ఏదాన్ని రాయలేం, ఎందుకు? మావాడు రోజుల తరబడి దీని మీదే కూర్చున్నాడు. కౌన్సెలర్లంటే కాలేజీ పిల్లలే, అదే హాస్టల్లో ఉంటారు. వాళ్లని అడిగితే జవాబు చెప్పరు, ఇంకో ప్రశ్న వేస్తారు. వాడు ఫోన్లో మండిపడ్డాడు: "నాన్నా, వీళ్లకి తెలుసు, అయినా చెప్పట్లేదు!" మొదటి వారం అందరికంటే వెనకపడ్డానని గోల. స్కూల్లో ఎప్పుడూ ఫస్టే కదా, పక్కవాడు తనకంటే చురుగ్గా ఉండటం కొత్త. మా ఆవిడ వెళ్లి తీసుకొచ్చేద్దామంది. నేను వద్దన్నాను. రెండో వారం నుంచి ఫోన్లు తగ్గాయి. మూడో వారంలో మేమే చేస్తే, తర్వాత మాట్లాడతానని పెట్టేశాడు.

మన ఇంటర్ గుర్తుందా? అదీ రెసిడెన్షియలే, అదీ కాలేజీకి తయారీయే. పొద్దున్న ఐదింటికి స్టడీ అవర్ బెల్లు, వారం వారం టెస్టు, మార్కుల్ని బట్టి సెక్షన్ మార్పు, అమ్మానాన్నలు వస్తే గేటు దగ్గరే మాటలు. మనకి సీట్లు వచ్చాయి, కాదనను. కానీ ఒక లెక్క రాకపోతే మరుసటి రోజు సొల్యూషన్ బోర్డు మీద ఉండేది. లెక్క రాకుండా నాలుగు రోజులు బతకడం మనకెవరూ నేర్పలేదు. ఇంజినీరింగ్‌లో మొదటిసారి బ్యాక్‌లాగ్ వచ్చినప్పుడు మన వింగ్‌లో ఎంతమంది కుప్పకూలారో నీకూ తెలుసు. మావాడు ఇంటికొచ్చాక నేను గమనించింది ఒక్కటే: "నాకు అర్థం కాలేదు" అని క్లాసులో చెయ్యెత్తి చెప్పడం వాడికి అలవాటైంది. వాళ్ల టీచర్ పేరెంట్ మీటింగులో అన్నాడు. నాకైతే ఆరు వారాల ఫీజు దాంతోనే గిట్టుబాటైంది.

ఇంకో సంగతి. మీ ఊళ్లో గ్యాస్ స్టేషన్ చూసుకునే మీ పెద్దమ్మగారి అబ్బాయి ఉన్నాడుగా, వాళ్లక్క స్పాన్సర్ చేస్తే గ్రీన్ కార్డు మీద వచ్చినతను. మొగుడూ పెళ్లాలిద్దరూ డిగ్రీ దాకా చదవలేదు, కొడుకు తొమ్మిదిలో ఉన్నాడు. అతనికి అప్‌వర్డ్ బౌండ్ గురించి చెప్పు. జాన్సన్ ప్రెసిడెంట్‌గా ఉన్నప్పుడు పేదరికం మీద యుద్ధం అన్నారు కదా, ఆ చట్టం కింద 1965లో మొదలైంది. ఆదాయం తక్కువున్న ఇళ్ల పిల్లలకి, తల్లిదండ్రుల్లో ఎవరూ నాలుగేళ్ల డిగ్రీ చెయ్యని ఇళ్ల పిల్లలకి. డబ్బు కేంద్ర ప్రభుత్వానిది, నడిపేది ఎక్కువగా కాలేజీలు. వేసవిలో సుమారు ఆరు వారాలు క్యాంపస్ మీద ఉంచి లెక్కలు, ఇంగ్లిషు, సైన్సు చెబుతారు. మిగతా ఏడాదంతా శనివారాలు క్లాసులు, ట్యూషన్లు, కాలేజీ అప్లికేషన్లు నింపడంలో సాయం. పైసా కట్టక్కర్లేదు, పిల్లాడికే కొంత చేతి ఖర్చుకిస్తారు. ఆస్కార్ తీసుకున్న నటి వయోలా డేవిస్ రోడ్ ఐలాండ్‌లో అందులోంచి వచ్చినావిడే. మనలాంటి వాళ్లం హార్వర్డ్ కవర్లు చూసి టెన్షన్ పడతాం గానీ, నిజంగా జాతకాలు మార్చేది ఇలాంటివే. అతను మొహమాటపడతాడు, "అవి మనకెందుకులే అన్నా" అంటాడు. వినకు. కొడుకు స్కూల్ కౌన్సెలర్ని కలవమను, నువ్వూ పక్కన వెళ్లు.

మీ అమ్మడు ఇంకా హెచ్-4 మీదే కదా, నీ వర్క్ వీసా మీద ఆధారపడిన వీసా. అందుకని ఏ ప్రోగ్రామైనా ముందు అర్హతల లైను చదువు, తర్వాతే మిగతాది. ప్రభుత్వ డబ్బుతో నడిచే అప్‌వర్డ్ బౌండ్ లాంటివి సిటిజన్‌షిప్‌గానీ గ్రీన్ కార్డుగానీ అడుగుతాయి. పన్నెండేళ్ల నుంచి ఇక్కడే చదువుతున్న పిల్లకి ఆ లైను చదివి చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. మా గ్రీన్ కార్డు వచ్చేదాకా మాదీ అదే బాధ. రాస్, ప్రామిస్, ఎస్ఎస్‌పీ బయటి దేశాల పిల్లల్ని కూడా తీసుకుంటాయి కాబట్టి అక్కడ ఆ గోడ లేదు.

ఇప్పుడు పదిలో ఉంది గనక ఎస్ఎస్‌పీ వచ్చే ఏడాదికి పెట్టుకోండి, అది ముఖ్యంగా పదకొండో తరగతి పిల్లల కోసం. ఈలోగా ఫిజిక్సు, ప్రీ-కాల్‌క్యులస్ అయిపోవాలి. ఈ వేసవికి మాథ్‌వర్క్స్‌గానీ రాస్‌గానీ చూడండి. అప్లికేషన్లు చలికాలంలో తెరుస్తారు, టీచర్ల లెటర్లు కావాలి. క్రిస్మస్ సెలవులకి ముందే అడగమను, సెలవుల్లో అడిగితే వాళ్లకి చిరాకు. రాస్ అప్లికేషన్లో లెక్కలుంటాయి, రోజులు పడుతుంది. నువ్వు చెయ్యకు! నీకు చెయ్యాలనిపిస్తుంది, నీ సంగతి నాకు తెలుసు. ముందుగా రాస్ పాత అప్లికేషన్లలోని లెక్కలు రెండు తన ముందు పెట్టి చూడు. వారం తర్వాత కూడా వాటితో కుస్తీ పడుతుంటే పంపు. మొహం తిప్పుకుంటే శాన్ మార్కోస్ వద్దు, బాస్టన్ వద్దు. టెలిస్కోప్ కొనిపెట్టి పెరట్లో వదిలెయ్.

థాంక్స్‌గివింగ్‌కి మీరు వస్తారన్నది ఖాయమేనా? మావాడు అమ్మడితో మాట్లాడతానన్నాడు, పెద్దవాళ్లు లేకుండా. చెల్లెమ్మ పోయినసారి తెచ్చిన గోంగూర పచ్చడి సీసా ఖాళీ అయింది, ఆ సంగతి కూడా చెప్పు.

నీ పాత రూమ్మేట్