కాలు నేల విడవని పరుగు

ప్రియమైన నాన్నగారికి,

నమస్కారాలు. ఆదివారం వీడియో కాల్‌లో మీరు పెద్దగా మాట్లాడలేదు. తర్వాత అమ్మ విడిగా ఫోన్ చేసి విషయం చెప్పింది. మోకాలి నొప్పి తగ్గేదాకా, కనీసం మూడు నెలలు, పరుగు మానమని డాక్టరు అన్నారట. అక్క మీకోసం ఎలిప్టికల్, అదే నిలబడి పెడల్స్ తొక్కే వ్యాయామ మెషీన్, తెప్పించి పెట్టినా మీరు దాని జోలికి పోవడం లేదట. మీరన్న మాట కూడా చెప్పింది. "కాలు నేల విడవకపోతే అది పరుగెలా అవుతుంది?" అన్నారట కదా.

రెండు రోజులుగా ఆ మాటే మనసులో తిరుగుతోంది. ఫోన్‌లో చెబుదామంటే మీకు తెల్లవారే వేళకి నాకు నిద్ర ముంచుకొస్తుంది, పైగా మధ్యలో ఎవరో ఒకరు పిలుస్తారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదవండి.

మీరన్నది అక్షరాలా నిజం. నడకలో ఎప్పుడూ ఏదో ఒక పాదం నేల మీదే ఉంటుంది. పరుగులో అడుగడుక్కీ ఒక్క క్షణం రెండు పాదాలూ గాల్లో ఉంటాయి. అలా లేచిన ఒళ్ళు దిగినప్పుడల్లా మన బరువుకి రెండు మూడు రెట్ల బలం ఒక్క కాలి మీద పడుతుంది. మీ బరువు 70 కిలోలు అనుకుంటే అది 140 నుంచి 210 కిలోలు. నిమిషానికి 160 అడుగుల లెక్కన అరగంటకి 4,800 అడుగులు. అంటే ఒక్కో మోకాలు 2,400 సార్లు ఆ బరువు మోస్తుంది. బాగున్న మోకాలికి అది అలవాటైన పనే. వాచిన మోకాలు మాత్రం మోయలేదు.

ఎలిప్టికల్‌లో ఈ దిగడం ఉండదు. పాదం మొదటి నుంచి చివరి దాకా పెడల్ మీదే ఉంటుంది. పెడల్ సాగదీసిన సున్నాలా తిరుగుతుంది, కాలు దానితోపాటు ముందుకీ వెనక్కీ వెళ్తుంది. కాలి మీద పడేది దాదాపు మన ఒంటి బరువే. మీకు లోపంగా కనిపించినదే ఇప్పుడు మీ మోకాలికి కావలసింది.

మరి గుండె సంగతి? ఇక్కడే మీ అనుమానం తీర్చాలని నా ఆరాటం. పాదం నేలని తాకిందా, పెడల్ మీద ఉందా అని గుండె చూసుకోదు. కండరాలు ఎంత ఆక్సిజన్ అడిగితే అంత రక్తం తోడి పంపుతుంది. తొడలు, పిరుదులు, చేతులు కలిసి గట్టిగా పనిచేస్తే అది అంత గట్టిగానూ కొట్టుకుంటుంది. రెండింటిలోనూ ఒకే స్థాయి ఆయాసం వచ్చేలా చేస్తే గుండెకి, ఊపిరితిత్తులకి అందే శ్రమ దాదాపు ఒకటే. చిక్కల్లా ఎక్కడంటే, పరుగులో వేగం తగ్గిస్తే మనకే తెలిసిపోతుంది. మెషీన్ మీద కాళ్ళు ఊపులో తిరిగిపోతుంటాయి, మనం పనిచేస్తున్నామనే అనుకుంటాం. రెసిస్టెన్స్, అంటే పెడల్ బిగువు, సున్నాకి దగ్గరగా పెట్టి గంటసేపు ఊగినా పెద్ద ఫలితం ఉండదు. "ఎలిప్టికల్ తేలిక" అన్న పేరు అలా వచ్చిందే.

అమ్మతో ఒక మాట చెప్పండి. ఇన్నేళ్ళ పరుగే మీ మోకాలిని పాడుచేసిందని తను గట్టిగా నమ్ముతోంది. 2017లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో, చాలా అధ్యయనాల లెక్కలు కలిపి చూస్తే, సరదాకీ ఆరోగ్యానికీ పరిగెత్తేవాళ్ళలో మోకాలి, తుంటి కీళ్ళ అరుగుదల సుమారు 3.5 శాతం మందిలో కనిపించింది. పరుగు జోలికి పోనివాళ్ళలో అది 10 శాతం పైనే. పోటీల కోసం తీవ్రంగా పరిగెత్తేవాళ్ళలో మాత్రం 13 శాతం దాటింది. మోకాళ్ళు బాగున్నవాళ్ళే పరుగు కొనసాగిస్తారు కాబట్టి పరుగే వాళ్ళని కాపాడిందని దీన్నిబట్టి తేల్చలేం. కానీ పొద్దున్నే నాలుగు కిలోమీటర్లు పరిగెత్తడం వల్లే మీ మోకాలు అరిగిందనడానికి ఆధారం లేదు. మీరు తప్పు చేసినట్టు బాధపడొద్దు, అమ్మ కూడా అలా అనొద్దు.

మీకు నచ్చే కథ ఒకటి చెప్తాను. లారీ మిల్లర్ అనే ఇంజనీరు తన కూతురు కారు పక్కన పరిగెత్తుతుంటే వీడియో తీసి, ఆమె కాలు గాల్లో గీసే దారిని చూసి ఈ మెషీన్ ఆలోచన చేశాడని చెబుతారు. 1995లో ప్రీకార్ కంపెనీ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఒక తండ్రి కూతురి పరుగును చూస్తూ చేసిన వస్తువది. నా చిన్నప్పుడు మీరు స్టాప్‌వాచ్ పట్టుకుని నా పక్కన పరిగెత్తేవారు కదా, ఈ కథ విన్నప్పటి నుంచి నాకు అదే గుర్తొస్తోంది.

ఇప్పుడు మీకు ఇంతవరకూ చెప్పని సంగతి రాస్తాను. ఇక్కడికి వచ్చిన రెండో ఏడు కొన్ని నెలల పాటు నేను పరుగు గురించి ఫోన్‌లో ఏమీ మాట్లాడలేదు, గుర్తుందా? చదువు ఒత్తిడి అన్నాను. అసలు సంగతి, కుడి మోకాలి కింద, ముందువైపు ఎముకలో సన్నటి పగులు వచ్చింది. స్ట్రెస్ ఫ్రాక్చర్ అన్నారు. పడలేదు, దేనికీ తగల్లేదు. వారానికి 20 కిలోమీటర్లు పరిగెత్తేదాన్ని మూడు వారాల్లో 35కి పెంచేశాను. ఎముక తనని తాను బాగుచేసుకునేలోపే మళ్ళీ మళ్ళీ బరువు వేశాను. వారానికి పది శాతానికి మించి పెంచొద్దని అనుభవం ఉన్నవాళ్ళు చెప్పేది అందుకే. మీకు చెబితే కంగారు పడతారని దాచాను. తప్పే, క్షమించండి.

నడిస్తే నొప్పి లేదన్న స్థితికి వచ్చాక ఎలిప్టికల్ చేసుకోవచ్చన్నారు. మొదటి వారం ఆ మెషీన్ అంటేనే చిరాకు. దాని ఎదురుగా కిటికీ ఉండేది, అందులోంచి బయట పరిగెత్తేవాళ్ళు కనిపించేవారు. చూడలేక గోడవైపు ఉన్న మెషీన్‌కి మారిపోయాను. మీరు గదిలో కూర్చుని ఆ మెషీన్ వంక ఎలా చూస్తున్నారో నాకు తెలుసు నాన్నా, అందుకే ఇంత రాస్తున్నాను.

రెండు నెలలు అలా చేశాను. వారానికి రెండు రోజులు గట్టిగా, అంటే రెండు నిమిషాలు రెసిస్టెన్స్ పెంచి రెండు నిమిషాలు తగ్గిస్తూ, మిగతా రోజులు తేలిగ్గా. తర్వాత పరుగుకి అనుమతి వచ్చింది. మొదటి రోజే 5 కిలోమీటర్లు పరిగెత్తేశాను. ఊపిరి అంతా బాగుంది, గుండె ఎక్కడా ఇబ్బంది పెట్టలేదు. నా సంతోషం చెప్పలేను. మర్నాడు పొద్దున మంచం దిగితే పిక్కలు రెండూ రాళ్ళలా బిగుసుకుపోయాయి. మూడు రోజులు మెట్లు దిగడానికి రెయిలింగ్ పట్టుకోవాల్సి వచ్చింది. పాత పగులు తిరగబెట్టకపోవడం నా అదృష్టం.

అప్పుడర్థమైంది. మెషీన్ నా గుండెని నిలబెట్టింది, కానీ పిక్కలకి, పిక్కని మడమకి కలిపే స్నాయువుకి, ఎముకకి దిగే అలవాటు తప్పిపోయింది. మెషీన్ మీద మడమ లేపి నేలని తోసే పని తక్కువ. కాబట్టి గుండె "పద, పరిగెత్తు" అంటుంది, కాళ్ళు ఇంకా సిద్ధంగా ఉండవు. మీకు డాక్టరు పచ్చజెండా ఊపిన రోజు ఇది గుర్తుపెట్టుకోండి. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, మొత్తం ఇరవై నిమిషాలు. అదీ రోజు విడిచి రోజు. ఊపిరి ఎంత తేలిగ్గా ఉన్నా అంతకు మించొద్దు.

ఎముక గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే పరుగు నిజంగా ఎక్కువిచ్చేది అక్కడే. ఎముక మీద పడే బలాన్నిబట్టి అది తన కట్టుబడిని మార్చుకుంటుందని జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. అంతరిక్షంలో కాలి మీద బరువే పడదు కాబట్టి వ్యోమగాములు తుంటి లాంటి బరువు మోసే ఎముకల్లో నెలకి 1 నుంచి 1.5 శాతం దాకా సాంద్రత కోల్పోతారు. అందుకే ఒంటికి పట్టీలు కట్టుకుని ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తుతారు. ఎలిప్టికల్ మీద మనం నిలబడే ఉంటాం కాబట్టి ఎముక మీద కొంత బరువు ఉంటుంది, కానీ పరుగులో తగిలే అదురు ఉండదు. అందుకని మెషీన్ ఒక్కటే చాలనుకోకండి. వారానికి రెండు రోజులు కండరాలకి పని చెప్పే వ్యాయామం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం లాంటివి, డాక్టరుని అడిగి చేయండి. తొడ ముందు కండరం గట్టిపడితే మోకాలికి కూడా ఆసరా.

ఇక మెషీన్ ఎలా వాడాలో. నిటారుగా నిలబడండి. హ్యాండిల్స్ మీద ఒరిగిపోవద్దు, ఒరిగితే మీ బరువు చేతులు మోస్తాయి, కాళ్ళకి పని తగ్గిపోతుంది. కదిలే హ్యాండిల్స్‌ని తోయండి, లాగండి. అరగంటలో పాదాలు తిమ్మిరెక్కవచ్చు, పాదం లేవదు కదా. అప్పుడప్పుడు కాలివేళ్ళు కదిలించండి, బరువు మడమ వైపు జరపండి, లేస్ కొంచెం వదులు చేయండి. వెనక్కి తొక్కితే తొడ ముందు కండరానికి పని పెరుగుతుంది, కానీ మోకాలిచిప్ప దగ్గర నొప్పి ఉన్నంతకాలం అది వద్దు.

తెర మీద కనిపించే కేలరీలు పట్టించుకోకండి. చాలా మెషీన్లు ఎక్కువ చేసి చూపిస్తాయి. 70 కిలోల మనిషి అరగంట మోస్తరుగా ఎలిప్టికల్ చేస్తే సుమారు 175 కేలరీలు, గంటకు 8 కిలోమీటర్ల వేగంతో అరగంట పరిగెత్తితే 290 దాకా ఖర్చవుతాయి. ఎలిప్టికల్‌ని కష్టంగా చేస్తే ఆ తేడా తగ్గుతుంది.

కష్టం ఎంతన్నది కొలవడానికి నాడి చూడొచ్చు. 220లోంచి వయసు తీసేస్తే గుండె గరిష్ఠ వేగం సుమారుగా వస్తుంది, మీకు 61 కాబట్టి 159. అందులో 50 నుంచి 70 శాతం అంటే 80 నుంచి 111 మధ్య మోస్తరు శ్రమ. కానీ మీరు బీపీ మాత్ర వేసుకుంటున్నారు. అది బీటా బ్లాకర్ అయితే గుండె వేగాన్ని అదే అణిచి ఉంచుతుంది, ఈ లెక్క పనికిరాదు. ఏ రకమో డాక్టరుని అడగండి. అప్పటిదాకా ఒకటే గుర్తు. మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. అది సరైన శ్రమ. ఛాతీలో బిగపట్టినట్టున్నా, కళ్ళు తిరిగినా వెంటనే ఆపేయండి, ఇంట్లోవాళ్ళకి చెప్పండి. ఓర్చుకోవద్దు.

పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఒకేసారి అంత వద్దు. మొదటి వారం రోజుకి పది నిమిషాలు చాలు. మోకాలు ఆ రాత్రి గానీ మర్నాడు గానీ వాస్తే అది ఎక్కువైనట్టు. వాపు లేకపోతే మూడు నిమిషాలు కలపండి.

ఎక్కేముందు అక్కని ఒక పని చేయమనండి. ముందు పెడల్‌కీ వెనక పెడల్‌కీ మధ్య దూరాన్ని టేపుతో కొలవమనండి. మీరు పొడుగు, 45 సెంటీమీటర్ల కంటే తక్కువైతే మీకది ఇరుకవుతుంది. మార్చుకునే గడువు దాటకముందే చూసుకోవాలి. మొదటి పది నిమిషాలు అయ్యాక మోకాలి నొప్పి ముందువైపు వచ్చిందా, లోపలివైపు వచ్చిందా, అసలు రాలేదా, అమ్మ చేత చెప్పించకుండా మీరే నాకు రాయండి. ఆ ఉత్తరం కోసం ఎదురుచూస్తుంటాను.

మీ అమ్మాయి