మా డేకేర్‌కు అండగా నిలిచిన వారందరికీ కృతజ్ఞతలు

నిజాంపేటలోని మా ఫ్లాటులో నేను నడుపుతున్న చిన్న డేకేర్‌లో దసరా సెలవుల తర్వాత చేరిన చంటిబాబు గొంతు మా అంతస్తులో వినని వారుండరు. గుక్కపట్టి ఏడ్చే ఆ పిల్లవాడు ఇప్పుడు మధ్యాహ్నం వేళకు నిద్రపోతున్నాడు, మిగిలిన పిల్లలనూ నిద్రపోనిస్తున్నాడు. ఇందులో నా ఓపిక కొంత ఉన్నా, అంతకు మించి ఇతరులు చేసిన మేలు ఉంది. వారి పేర్లు రాయడం వారికి ఇష్టముండదు కాబట్టి, ఎవరి వల్ల ఏమి కుదుటపడిందో మాత్రం వివరంగా చెప్పి కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

బాబు తల్లికి 26 వారాల ప్రసూతి సెలవు ముగిసింది. చట్టం ప్రకారం 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు పిల్లల సంరక్షణకు ఏర్పాటు చేయాలి గానీ, ఆమె పనిచేసే చోటు ఆ లెక్కలోకి రాదు. అంతకు ముందు చేర్చిన ఒక చోట, వీడి గోలకు తక్కిన పిల్లలు లేస్తున్నారని వారం తిరగకుండానే తీసుకెళ్లిపొమ్మన్నారట. నా దగ్గరా మొదట్లో పరిస్థితి అలాగే ఉండేది. వాడు ఏడిస్తే రెండేళ్ల పాప ఏడ్చేది, ఆ ఇద్దరినీ చూసి నాలుగేళ్ల పిల్లవాడు పోటీగా కేకలు పెట్టేవాడు. ఏడుపు రాకపోయినా కేకలు పెట్టగలగడం వాడి ప్రత్యేకత.

మొదటి నమస్కారం మా ఐదో అంతస్తులోని విశ్రాంత అంగన్‌వాడీ టీచరు గారికి. రోజూ మధ్యాహ్నం వచ్చి ఒక మూల కూర్చుని, బాబును ఎత్తుకోకుండా ముందు చూస్తూ ఉండేవారు. ఏడుపు మొదలు కావడానికి కాస్త ముందే వాడు చెవి లాక్కుంటాడనీ, తల అటూ ఇటూ తిప్పుతూ నా భుజానికి ముఖం రుద్దుతాడనీ, అది నిద్ర అడగడమనీ ఆవిడే కనిపెట్టారు. పిడికిలి నోట్లో పెట్టుకుని చప్పరిస్తే ఆకలి. మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని ముఖం ఎర్రబడేలా ముక్కితే కడుపు ఉబ్బరం. నిద్ర గుర్తు కనబడగానే తీసుకెళ్లి పడుకోబెడితే పది నిమిషాల్లో తేలే పని, గుక్కపట్టాక మొదలుపెడితే గంటయినా తేలదు. పిల్లలు అరుస్తుంటే వారిని మించి మనం అరవకూడదని, గొంతు తగ్గించి దాదాపు గుసగుసగా మాట్లాడితే నాలుగేళ్ల వాడు సైతం ఏమిటా అని వినడానికి ఆగుతాడని కూడా ఆవిడ చేసి చూపించారు.

తల్లి కనబడకుండా జారుకోవడం మానిపించిన వారు కూడా ఆవిడే. ఏడెనిమిది నెలల వయసులో పిల్లలకు కొత్త ముఖాలంటే భయం, తల్లి కనుమరుగైతే దిగులు మొదలవుతాయి. చెప్పకుండా మాయమైతే ఆ దిగులు పెరుగుతుందే గానీ తగ్గదు. ఇప్పుడు ఆ తల్లి గుమ్మంలో ముద్దు పెట్టి, సాయంత్రం వస్తానని చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా లిఫ్ట్ ఎక్కుతోంది. ఆమెకది ఎంత కష్టమో నేను చూశాను. ఆమె కట్టి విడిచిన నూలు చున్నీని నా భుజాన వేసుకుని బాబును ఎత్తుకుంటే, ఆ వాసనకు వాడి ఏడుపు సగం తగ్గుతుంది. పక్కలో మాత్రం ఏ గుడ్డా ఉంచను.

మా వీధి చివర క్లినిక్‌లోని పిల్లల డాక్టరు గారు చెవులూ గొంతూ పొట్టా పరీక్షించి, జబ్బేమీ లేదనీ, కింది చిగురు ఉబ్బి పన్ను వస్తోందనీ చెప్పి మా అందరి గుండెలు కుదుటపరిచారు. శుభ్రంగా కడిగిన వేలితో చిగురును మెల్లగా రుద్దమన్నారు, చల్లని తడి గుడ్డ కొరకనివ్వమన్నారు. గ్రైప్‌వాటర్ అవసరం లేదన్నారు. ఏడాది నిండే వరకు తేనె నాకించవద్దని గట్టిగా చెప్పారు. ఇరుగుపొరుగులో ఈ చివరి మాట కొందరికి రుచించలేదని నాకు తెలుసు, అయినా నేను డాక్టరు గారి పక్షమే. జపాన్‌లోని రికెన్ సంస్థ పరిశోధకులు 2022లో ప్రచురించిన ఒక అధ్యయనం గురించి కూడా ఆయన చెప్పారు. ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని 5 నిమిషాలు ఆగకుండా నడవాలి, నిద్ర పట్టాక వెంటనే దించకుండా మరో 5 నుంచి 8 నిమిషాలు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి, ఆ తర్వాతే పక్క మీద వేయాలి.

ఆ దించడంలోని నేర్పు తణుకు దగ్గరి పల్లెలో ఉండే బాబు అమ్మమ్మ గారిది. ఉతికి ఉతికి మెత్తబడిన తన నేతచీరను ఉయ్యాల కోసం కొరియర్‌లో పంపి, వీడియో కాల్‌లో ముడి ఎలా వేయాలో, ఎంత మెల్లగా ఊపాలో దగ్గరుండి నేర్పినట్టే నేర్పారు. ముందు పిరుదులు పరుపుకు ఆననివ్వాలి, తర్వాత వీపు, అన్నిటికన్నా చివర తల. తల కింది చెయ్యి తీసేశాక కూడా రెండో చెయ్యి పొట్ట మీద అలాగే ఉంచి, ఊపిరి నిదానించాక ఒక్కో వేలే తీయాలి. పాట రాకపోతే ఒకటే రాగం తీయమన్నారు. నా గొంతుకు అది పెద్ద ఊరట. ఉయ్యాలలో కునుకు పట్టించి, నిద్రకు మాత్రం గట్టి పరుపు మీద, తలగడ లేకుండా, వెల్లకిలా పడుకోబెడుతున్నాను. మొదట్లో ఆవిడకు ఇది నచ్చకపోయినా, కారణం చెప్పాక ఒప్పుకున్నారు.

రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోయే మా గోడ పక్క ఫ్లాటు అమ్మాయి ఫిర్యాదు చేసి ఉంటే తప్పు పట్టగలిగేదాన్ని కాదు. ఆమె మంచాన్ని అవతలి గదిలోకి మార్చుకుని, ఆ సంగతి నాకు చెప్పను కూడా లేదు. వాచ్‌మన్ దంపతులు ఉల్లిగడ్డల ఆటోవారిని, పాత ఇనుప సామాన్ల బండివారిని, మధ్యాహ్నం మా కిటికీ కింద మైకు ఆపమని రోజూ బతిమాలుతున్నారు. ఆ రికార్డు గొంతుతో పోలిస్తే మా బాబుది సంగీతమే. మిగిలిన పిల్లల తల్లిదండ్రుల్లో ఒక్కరు కూడా ఈ బాబును పంపేయమని అడగకపోవడం నాకు అన్నిటికన్నా పెద్ద సాయం.

వచ్చే వారం బాబుకు తొమ్మిది నెలల టీకా వేయిస్తున్నారు. ఆ తర్వాత కొన్నాళ్లు జ్వరం వల్ల మళ్లీ పేచీ పెట్టవచ్చునని గోడ పక్క అమ్మాయికి ముందే చెప్పాను. అవసరమైతే తానే వచ్చి కాసేపు ఎత్తుకుంటానంది.