పదో తరగతి తప్పినవాడి ఓటీపీ ఎవరి ఫోనుకు పోతోంది, మంత్రి గారూ?

తిరుపతి

గౌరవనీయులైన కేంద్ర విదేశీ వ్యవహారాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. తిరుపతి ఆర్టీసీ బస్టాండు దగ్గర చిన్న జిరాక్స్, ఇంటర్నెట్ షాపు నడుపుకుంటున్నాను. అంతకుముందు పదకొండేళ్లు కువైట్‌లో ఇంటి డ్రైవరుగా చేశాను. పదో తరగతి తప్పినవాణ్ణి. అందుకే నా మొదటి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే పనికి పోయేముందు తనిఖీ కావాలి) అని ఉండేది. ఆ మూడక్షరాల గురించే ఈ ఉత్తరం.

మీకు చెప్పాల్సిన పని లేదు గానీ, ఇది బహిరంగ లేఖ కాబట్టి మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. పదో తరగతి పాస్ కానివాళ్లు, ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టనివాళ్లు కువైట్, సౌదీ, ఖతార్, మలేషియా లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే, 1983 నాటి వలసల చట్టం కింద ముందుగా సర్కారు అనుమతి తీసుకోవాలి. దీన్ని మావాళ్లు 'క్లియరెన్స్' అంటారు. యాభై ఏళ్లు దాటితే అక్కర్లేదు. మూడేళ్లు బయట ఉండి వచ్చినా అక్కర్లేదు. నేను అలాగే బయటపడ్డాను. చదువు లేనివాణ్ణి ఎవరూ మోసం చేయకూడదని పెట్టిన నిబంధన ఇది. దాన్ని తప్పు పట్టను. 2003లో ఇక్కడ 60 దీనార్లని చెప్పి పంపితే అక్కడ 40 చేతిలో పెట్టారు. అప్పుడు ఎవరైనా అడిగేవాళ్లుంటే బాగుండుననిపించింది.

ఇప్పుడు మా తమ్ముడి సంగతి చెబుతాను. మా చిన్నాన్న కొడుకు. ఏడో తరగతితో ఆపేశాడు, వయసు 34, బేల్దారి పని. చిన్నగొట్టిగల్లు దగ్గర పల్లెలో రెండెకరాలుంది, బోరు ఎండిపోయింది. టమోటా వేసిన ఏడాది ధర లేదు, ధర ఉన్న ఏడాది పంట లేదు. పోయిన దసరాకు మా బావమరిది కువైట్ నుంచి ఫోన్ చేసి, ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీలో షూన్ వీసా (కంపెనీలో పనికిచ్చే వీసా) ఉంది, మేస్త్రీలు కావాలంటున్నారు అన్నాడు. మావాడు కాగితాల పని ఒక ఏజెంటు చేతిలో పెట్టాడు. నన్నడగలేదు. అన్నను ఇబ్బంది పెట్టడం ఎందుకని అనుకున్నాడట.

రెండున్నర నెలల తర్వాత నా షాపుకొచ్చాడు. బట్టల షాపు ప్లాస్టిక్ కవరులో పాస్‌పోర్టు, కాంట్రాక్టు, మెడికల్ రిపోర్టు, ఆధార్, అన్నీ ఒకదాని మీద ఒకటి మడత పెట్టి తెచ్చాడు. "ఏమైందో ఒకసారి చూడన్నా, ఆయన ఫోన్ ఎత్తడం లేదు" అన్నాడు. క్లియరెన్స్ దరఖాస్తులు పెట్టే సర్కారు వెబ్‌సైట్, ఈ-మైగ్రేట్ పోర్టల్ తెరిచాను. లోపలికి పోవాలంటే ఓటీపీ కావాలి. మీట నొక్కి వాడి ఫోన్ వైపు చూశాను. అది మోగలేదు. తెర మీద చూపించే నంబరు చివరి అంకెలు వాడివి కావు.

"ఈ నంబరు ఎవరిదిరా?"

"ఏజెంటుదన్నా. ఆయనే ఎక్కించాడు."

మంత్రి గారూ, ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క తెరలో ఉంది. చదువు రాదు కాబట్టి వీడికి ఏజెంటు నుంచి రక్షణ కావాలన్నారు మీరు. ఆ రక్షణ కోసం దరఖాస్తు చేయడానికి చదువు కావాలి. అది లేదు కాబట్టి వీడు పోయింది ఏజెంటు దగ్గరికే. ఇక సర్కారు పంపే ప్రతి మెసేజూ, ప్రతి ప్రశ్నా ఎవరి నుంచి కాపాడాలనుకున్నారో వాడి జేబులోనే మోగుతుంది.

ఓటీపీ కోసం ఏజెంటు 5 వేలు అడిగాడు. మూడుకు బేరం కుదిరింది. లోపల చూస్తే 38 రోజుల కిందటే ఒక ప్రశ్న వేసి ఉంది. పాస్‌పోర్టులో పేరు, కాంట్రాక్టులో పేరు కలవడం లేదు, సరిచేసి పంపండి అని. 38 రోజులు ఆ ప్రశ్న జవాబు లేకుండా అక్కడే పడి ఉంది. మావాడేమో ఢిల్లీలో ఫైలు కదులుతోందనుకుని, ఇంటిపక్క గంగమ్మ గుడికి మొక్కుకుంటున్నాడు.

పేరు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇది మా ఊరి రోగం. మా వైపు ఇంటికొక వెంకటరమణ ఉంటాడు, కొండ కింద ఉన్నాం కాబట్టి. మావాడి పేరూ దేవుడి పేరే. అది ఆధార్‌లో ఒకే మాటగా ఉంది. పాస్‌పోర్టులో మధ్యలో ఖాళీ వదిలి రెండు మాటలైంది. బడి టీసీలో 'వెంకట్రమణ', రేషన్ కార్డులో చివర 'య్య' వచ్చి చేరింది. తెలుగులో ఎవరు చదివినా ఒకడే మనిషి. ఇంగ్లీషు అక్షరాల్లోకి దిగేసరికి నలుగురయ్యారు. ఇక ఇంటిపేరు. మేము ముందు రాసుకుంటాం, ఫారం చివర అడుగుతుంది. కొందరికి ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, దాన్ని విప్పి రాయాలా వద్దా అన్నది కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లవాడి ఇష్టం. ఆ ఖాళీని తప్పించుకుని అసలు ఇంటిపేరే లేకుండా పాస్‌పోర్టు తీసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. 2022 నవంబరులో యూఏఈ ఒక్క మాట పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద రానిచ్చేది లేదని చెప్పినప్పుడు నా షాపు ముందు వారం రోజులు వాళ్లే. ఒకాయనకు చేతిలో టికెట్ ఉంది, పేరు లేదు.

మావాడి కాంట్రాక్టులో ఆ ఖాళీ లేదు. అంతే తేడా. పాస్‌పోర్టు నంబరు అదే, పుట్టిన తేదీ అదే, ఫోటో అదే. అయినా కాంట్రాక్టు మళ్లీ కువైట్ పోవాలి, అక్కడ మళ్లీ టైపు చేసి, మళ్లీ సంతకమై, మళ్లీ మన ఎంబసీ ముద్ర పడాలి. బావమరిది రెండు శుక్రవారాలు సేటు ఇంటి చుట్టూ తిరిగాడు. "ఒక్క మనిషి కోసం మీ దేశం వెబ్‌సైట్‌లో కంపెనీ నమోదు చేసుకున్నాను, అది చాలదా? ఈజిప్టువాడైతే ఇంత గొడవ లేదు" అన్నాడట సేటు. నాకు కోపం రాలేదు. వంద మందిని పెట్టుకునే పెద్ద కంపెనీకి ఆఫీసు ఉంటుంది, గుమాస్తా ఉంటాడు. నలుగురు మేస్త్రీలతో పని చేయించుకునేవాడికి ఎవరుంటారు?

ఈలోపల మెడికల్ గడువు అయిపోయింది. మళ్లీ పొద్దున్నే రైలెక్కి చెన్నై, మళ్లీ రక్తం, మళ్లీ ఎక్స్‌రే, మళ్లీ డబ్బు. రెండోసారి రిపోర్టు వచ్చిన వారానికి సేటు ఊరికి పోయాడు, నెల రోజులు సంతకం లేదు. ఆ నెలంతా మా పిన్నమ్మకు ఒకటే టెన్షన్. వడ్డీకి తెచ్చిన డబ్బు కదా, అది ఎవరి క్లియరెన్స్ కోసమూ ఆగదు.

ఏజెంటు మొత్తం అడిగింది లక్షా 20 వేలు. మీ నిబంధన ప్రకారం లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోవాల్సింది ఎక్కువలో ఎక్కువ 30 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 35,400. ఈ లెక్క నా షాపు గోడ మీద పెద్ద అక్షరాలతో అంటించాను. మావాడు ఆయన్ను రసీదు అడిగితే నవ్వాడట.

అదే పల్లెలో ఇంకో కుర్రాడున్నాడు, మావాడి ఈడువాడే, వాడికీ ఈసీఆర్ పాస్‌పోర్టే. ఈ గొడవేదీ పెట్టుకోలేదు. విజిట్ వీసా తీసుకున్నాడు, దానికి మీ క్లియరెన్స్ అవసరం లేదు. చెన్నై ఎయిర్‌పోర్టులో ఏమని చెప్పాలో నేర్పించారు: చుట్టాలను చూసి రావడానికి పోతున్నా, ఇదిగో రిటర్న్ టికెట్. మొదటిసారి ఆఫీసరుకు అనుమానం వచ్చి ఆఫ్‌లోడ్ చేశాడు, అంటే విమానం ఎక్కనివ్వకుండా వెనక్కి పంపాడు. రెండోసారి దాటుకున్నాడు. దుబాయ్‌లో దిగిన రెండు నెలలకు ఉద్యోగం వీసాకు మార్చుకున్నాడు. ఇప్పుడు నెల నెలా డబ్బు పంపుతున్నాడు, ఇంటి మీద స్లాబు పడింది. మా తమ్ముడు పనికి పోయేటప్పుడు ఆ స్లాబు కిందుగానే పోవాలి. "నాకెందుకన్నా ఈ రూలు? వాడి దారిలోనే పోయుంటే..." అని అడిగాడు ఒకరోజు.

నేను బీమా సంగతి చెప్పాను. క్లియరెన్స్‌తో పోయేవాడికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, పూర్తిగా పనికిరాకుండా పోయినా 10 లక్షలు. విజిట్ వీసా మీద దాటిపోయిన ఆ కుర్రాడికి అది లేదు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికుల బిల్డింగు తగలబడి 40 మందికి పైగా భారతీయులు చనిపోయినప్పుడు ఆ చుట్టుపక్కలే నేను ఒకప్పుడు కారు ఆపుకుని నిద్రపోయేవాణ్ణి అని గుర్తొచ్చింది. ఇదంతా చెబితే మావాడు విన్నాడు, తల ఊపాడు. కానీ స్లాబు కంటికి కనిపిస్తుంది, బీమా కనిపించదు.

ఆడవాళ్ల సంగతి ఒక్క మాటలో చెబుతాను, ఎక్కువ రాయలేను. ఈసీఆర్ పాస్‌పోర్టున్న ఆడమనిషి ఇంటిపనికి పోవాలంటే 30 ఏళ్లు నిండాలి. ఏడాదికి పదిమందైనా నా దగ్గరికొచ్చి ఆధార్‌లో వయసు పెంచమని అడుగుతారు. తగ్గించమని కాదు, పెంచమని. చేయనని చెప్పి పంపిస్తాను. ఆ తర్వాత ఎక్కడికి పోతారో నాకు తెలుసు.

మీ శాఖ ఏమీ చేయలేదని నేను అనడం లేదు. తిరుపతిలో పాస్‌పోర్టు సేవా కేంద్రం వచ్చాక పాస్‌పోర్టు కోసం ఊళ్లు పట్టుకు తిరగడం తప్పింది. పోయేముందు ఇచ్చే ఒక్కరోజు శిక్షణ ఉచితం, మంచిది కూడా. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 11 3090 కూడా గోడ మీద రాసి పెట్టాను, జనం చేస్తున్నారు. కానీ ఫోనులో కాగితం చూపించలేరు కదా. 2018 జనవరిలో ఈసీఆర్ వాళ్లకు నారింజ రంగు పాస్‌పోర్టు ఇస్తామన్నారు. దేశమంతా గొడవ చేస్తే ఆ నెలాఖరుకే వెనక్కి తీసుకున్నారు. సంతోషం. రంగు మారకపోయినా, కౌంటరు దగ్గర మమ్మల్ని చూసే చూపులో ఆ రంగు అప్పుడప్పుడు కనిపిస్తూనే ఉంటుంది.

1983 చట్టం స్థానంలో కొత్తది తెస్తామని 2021లో ఒక ముసాయిదా, 2025లో ఇంకొకటి ప్రజల అభిప్రాయం కోసం పెట్టారు. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. సంస్థలు, కౌన్సిళ్లు, జరిమానాలు అన్నీ ఉన్నాయి. నేను అడిగేది అంత పెద్దది కాదు. కూలివాడి దరఖాస్తుకు కూలివాడి ఫోన్ నంబరే ఉండాలి. ఆధార్‌కు ఏ నంబరు ఉంటే అదే. ఏజెంటు నంబరు కావాలంటే పక్కన రెండోది పెట్టుకోండి. ఏదైనా ప్రశ్న వేస్తే ఇంగ్లీషు మెసేజ్‌తో పాటు తెలుగులో ఒక రికార్డు ఫోన్ కూడా రావాలి. మా ఊరి ఫైనాన్స్ కంపెనీలు వాయిదా కట్టమని రోజూ పొద్దున ఎనిమిదింటికి మంచి తెలుగులో రికార్డు ఫోన్ చేస్తున్నాయి. అప్పు వసూలుకు వచ్చిన తెలుగు మీకు రాకుండా ఎలా పోతుంది?

పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ కలిస్తే పేరులో ఖాళీ ఉందా లేదా అని ఫైలు ఆపకండి. కావాలంటే ఇక్కడే ఒక అఫిడవిట్ తీసుకోండి. కాంట్రాక్టును సముద్రం దాటించకండి. తిరుపతి, చిత్తూరు, పక్కనున్న అన్నమయ్య, కడప జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లు ఎంతమందో మీ పోర్టల్‌కే తెలుసు. వీళ్ల కోసం వారానికి ఒక్కరోజైనా తిరుపతిలో మీ శాఖ మనిషి ఒకరు కూర్చుంటే, కవరు తెచ్చి బల్ల మీద పెట్టి "ఏమైంది సార్?" అని అడిగే చోటు ఒకటి ఉంటుంది. ఇప్పుడు ఆ బల్ల నాది. జిరాక్స్‌కు రెండు రూపాయలు తీసుకుని నేను చెప్పేది సలహా మాత్రమే, నా మాట మీద ఏ ఫైలూ కదలదు. విజిట్ వీసా మీద పోయి అక్కడ ఉద్యోగంలో కుదిరినవాళ్లకు కూడా అక్కడి నుంచే బీమా కట్టుకునే దారి చూపించండి. దొంగదారిన పోయారని వాళ్లను వదిలేస్తే, శవం వచ్చేది ఈ జిల్లాకే.

ఇది రాస్తుండగా తమ్ముడు ఫోన్ చేశాడు. సరిచేసిన కాంట్రాక్టు వచ్చిందట. ఖాళీ పెట్టారు, ఈసారి ఇంటిపేరులో ఒక అక్షరం తగ్గింది. వాడి రెండో మెడికల్ గడువు వచ్చే నెల 14తో అయిపోతుంది.

ఇట్లు,
మాజీ కువైట్ డ్రైవరు,
ప్రస్తుతం జిరాక్స్ షాపు, తిరుపతి