7 రోజుల్లో సౌత్ ఐలాండ్ చుట్టేయమంటే ఎలాగండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో న్యూజిలాండ్ సౌత్ ఐలాండ్‌ని మోటార్‌హోమ్‌లో (పడకలు, వంట, టాయిలెట్ లోపలే ఉండే బండి) 7 రోజుల్లో చుట్టి రావడం ఎలాగో చెబుతూ ఒక పేజీ నిండా వేశారు కదా, అది చూసినప్పట్నించీ చెయ్యి దురద పెడుతోంది రాద్దామని. ఎందుకంటే దాదాపు అదే ప్లాన్‌ని రెండేళ్ల కిందట మా తమ్ముడు ఎక్సెల్ షీట్‌లో వేశాడు, గడి గడికీ ఒక రంగు కూడా పూశాడు, కాకపోతే వాడు 10 రాత్రులు పెట్టుకున్నాడు మీరు 7 రోజులన్నారు. ఆ షీట్ పట్టుకునే మా ఆయన, నేను, తమ్ముడు, మరదలు నలుగురం ఏప్రిల్ మధ్యలో క్రైస్ట్‌చర్చ్‌లో దిగాం, రెండో రోజు సాయంత్రానికి ఆ షీట్‌ని పక్కన పడేసి మళ్లీ మొదట్నించీ వేసుకున్నాం. మీ పేజీ కత్తిరించి దాచుకున్నవాళ్లు ఉంటారు, వాళ్ల కోసం రాస్తున్నా.

ముందు ఫొటో సంగతి. మీరు వేసింది టెకపో సరస్సు ఒడ్డున ఊదా రంగు లూపిన్ పూలు, కింద రాసిందేమో ఏప్రిల్‌లో వెళ్లండి రద్దీ తక్కువ అని. ఆ పూలు నవంబరు మధ్య నుంచి డిసెంబరు దాకా పూస్తాయి, ఏప్రిల్‌లో వెళ్తే ఎండిపోయిన కాడలే కనిపిస్తాయి. (అసలది అక్కడి మొక్కే కాదు, బయటి నుంచి వచ్చి ఏటి ఇసకల్లో పాకేసిన కలుపు, ప్రకృతి సంరక్షణ వాళ్లు పీకించే పనిలో ఉంటే మనలాంటి వాళ్లం ఫొటోలు దిగే పనిలో ఉంటాం.) ఏప్రిల్ చెడ్డ నెల అనట్లేదు, ఆరోటౌన్, వనాకా వైపు చెట్లన్నీ పసుపు రంగుకి తిరిగి ఆ అందమే వేరు. కానీ అక్కడ ఏప్రిల్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి చీకటి పడిపోతుంది. డిసెంబరులో అయితే అక్కడ ఎండాకాలం, రాత్రి 9 దాటినా వెలుతురు ఉంటుంది. ఒకే రూటు, డిసెంబరులో కుదిరే ప్లాన్ ఏప్రిల్‌లో కుదరదు, ఈ ఒక్క సంగతి రాస్తే చాలామంది బతికిపోయేవాళ్లు.

ఇక లెక్క. క్రైస్ట్‌చర్చ్‌లో బయలుదేరి టెకపో, మౌంట్ కుక్, క్వీన్స్‌టౌన్, మిల్‌ఫర్డ్ సౌండ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ), మళ్లీ వనాకా మీదుగా హాస్ట్, గ్లేసియర్లు (మంచు నదులు), గ్రేమౌత్, ఆర్థర్స్ పాస్ దాటి తిరిగి క్రైస్ట్‌చర్చ్ అంటే దాదాపు 2000 కిలోమీటర్లు. దీనికి మీరు కైకౌరా కూడా తగిలించారు, అది రానూ పోనూ ఇంకో 360. మా తమ్ముడి లెక్క కూడా మీ లెక్కే, రోడ్డు మీద స్పీడ్ లిమిట్ 100 కాబట్టి 300 కిలోమీటర్లు 3 గంటలు అని. ఆ 100 కార్లకండీ. 3500 కిలోల పైబడిన బండికి 90 మాత్రమే, పెద్ద మోటార్‌హోమ్‌లు చాలావరకు ఆ కోవలోకే వస్తాయి, పైగా కొండదారి, మలుపులు, ఒంటివరస వంతెనలు, వెనక నాలుగు కార్లు చేరాయంటే పక్కకి తీసి దారి ఇవ్వాలి, ఇవన్నీ కలిపితే గంటకి 60 వస్తే అదృష్టం. అందుకే నా లెక్క ఏంటంటే ఫోన్ మ్యాప్ 2 గంటలు అంటే 3 అనుకోండి, 3 అంటే నాలుగున్నర అనుకోండి, ఆ పైన మధ్యలో దిగి చూడ్డానికి ఎంతసేపు కావాలో అది కలుపుకోండి.

మా మొదటి రోజు చెబుతా వినండి. క్రైస్ట్‌చర్చ్ నుంచి టెకపో 225 కిలోమీటర్లు, మ్యాప్ 3 గంటలంది. మధ్యాహ్నం 12 కి బండి తీసుకుని 3 కల్లా చేరిపోదాం అనుకున్నాం. బండి అప్పగించేటప్పుడు గ్యాస్ ఎలా కట్టాలి, నీళ్ల ట్యాంకు ఎక్కడ, టాయిలెట్ క్యాసెట్ (మలినం చేరే డబ్బా) ఎలా లాగాలి, హీటర్ ఎలా వెలిగించాలి అన్నీ చూపించి కాగితాల మీద సంతకాలు అయ్యేసరికి గంటన్నర, సూపర్ మార్కెట్‌లో ఇంకో గంట. బయలుదేరేసరికి మూడయ్యింది. కాంటర్‌బరీ మైదానంలో వాయవ్యం నుంచి గాలి కొడుతుంది, అది పక్క నుంచి తగిలితే ఎత్తైన బండి కదా, స్టీరింగ్ రెండు చేతులతో బిగించి పట్టుకుని మా ఆయన 70 మీద పోనివ్వలేదు. మధ్యలో ఫెయిర్లీ దగ్గర ఆగకుండా ఉండలేకపోయాం, చీకట్లో టెకపో చేరేసరికి హాలిడే పార్క్ (ఇలాంటి బండ్లు రాత్రికి ఆపుకుని కరెంటు పెట్టుకునే చోటు) ఆఫీసు మూసేశారు. ఏదో మన పేరు రాసిన కవరు తలుపుకి అంటించి పెట్టారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎక్కడ ప్లగ్ పెట్టాలో కూడా తెలీదు. 1935లో కట్టిన ఆ రాతి చర్చి, ఆ సరస్సు, దేనికోసం అంత దూరం వచ్చామో అది ఆ రాత్రి కనపడలేదు. ఆకాశం మాత్రం కనపడింది, ఆ చుట్టుపక్కలంతా 2012 నుంచి డార్క్ స్కై రిజర్వ్ అట, అంటే రాత్రి చీకటిని కాపాడే ప్రాంతం, నక్షత్రాలు చూసి మరదలు చలిలో గంటసేపు లోపలికి రాలేదు.

అందుకని మొదటి రోజు 100, 120 కిలోమీటర్లు దాటి వెళ్లమని ఎవరికీ రాయకండి.

మీ మ్యాప్‌లో బాణాలు ఎడమకి తిరిగాయి, అంటే ముందు ఆర్థర్స్ పాస్ దాటి పడమటి తీరానికి పోయి అక్కణ్ణించి దక్షిణానికి దిగడం. ఇది తిరగేయాలండీ. అక్కడ బండి తోలేది మనలాగే ఎడమ పక్క. పడమటి తీరం మీద ఉత్తరానికి వెళ్తుంటే సముద్రం మన ఎడమ చేతి వైపే ఉంటుంది, నైట్స్ పాయింట్ లాంటి, ఆగి సముద్రం చూసే చోట ఎదురొచ్చే బండ్లకి అడ్డం పడకుండా ఎడమకి తిప్పి ఆపేసుకోవచ్చు. దక్షిణానికి వెళ్తుంటే ప్రతిసారీ రోడ్డు అడ్డంగా దాటాలి, 7 మీటర్ల బండితో మలుపు దగ్గర ఆ పని చేస్తుంటే లోపల కూర్చున్నవాళ్లకి ప్రాణం పోయినంత పని. మోటార్‌హోమ్ రూటు వేసేటప్పుడు ఏ ఊరు ముందు ఏ ఊరు వెనక అన్నదాని కంటే అందం ఏ చేతి వైపు వస్తుందో చూసుకోవడం మంచిదని నాకు అక్కడే తెలిసింది. సవ్యదిశలో వెళ్తే ఇంకో లాభం, చేయి తిరగని మొదటి రెండు రోజులు టెకపో వైపు వెడల్పు రోడ్లే దొరుకుతాయి, హాస్ట్ నది మీద 700 మీటర్ల పైచిలుకు ఒంటివరస వంతెన వచ్చేసరికి డ్రైవరు కుదురుకుని ఉంటాడు. ఆ వంతెనల దగ్గర బోర్డు మీద మన వైపు బాణం చిన్నదై ఎర్రగా ఉంటే మనమే ఆగాలి, ఇది బాక్స్ కట్టి వేయాల్సిన విషయం.

మిల్‌ఫర్డ్ గురించి రాస్తే పెద్ద ఉత్తరం అవుతుంది కానీ రాయక తప్పదు. క్వీన్స్‌టౌన్ నుంచి పొద్దున్నే వెళ్లి రాత్రికి వచ్చేయండి అన్నారు మీరు. మ్యాప్ మీద స్కేల్ పెట్టి చూస్తే పక్కనే ఉంటుంది నిజమే, మధ్యలో కొండలు అడ్డం, రోడ్డు తె అనావు దాకా దక్షిణానికి పోయి మళ్లీ పైకి ఎక్కుతుంది, ఒక్కవైపే 290 కిలోమీటర్లు. మోటార్‌హోమ్‌లో అది రెండువైపులా ఒక రోజులో అంటే రాత్రిపూట ఆ కొండల్లో తోలాలి. తె అనావులో రెండు రాత్రులు వేసుకోండి, అక్కణ్ణించి మిల్‌ఫర్డ్ 120 కిలోమీటర్లే. ఇంకా చెప్పాలంటే బండిని తె అనావులో వదిలేసి బస్సులో వెళ్లండి, మేం అదే చేశాం. అన్ని రోజులూ మా ఆయనకి రోడ్డు తప్ప ఏం కనపడలేదు, ఆ రోజు మాత్రం కిటికీ పక్కన కూర్చుని చిన్నపిల్లాడిలా అదిగో ఇదిగో అంటూనే ఉన్నారు. ఆ దారిలో వచ్చే హోమర్ టన్నెల్ 1935లో తవ్వడం మొదలెట్టి 1954కి గానీ తెరవలేదు, 1.2 కిలోమీటర్లు, లోపల వాలుగా దిగుతుంది, గోడలు నున్నగా చేయని రాయి. టన్నెల్ బయట ఎదురు చూసే చోట కియా అనే కొండచిలకలు వచ్చి బండ్ల రబ్బరు పీకుతాయి, నవ్వొస్తుంది కానీ బండికి కట్టిన డిపాజిట్ మనదే. చలికాలంలో ఆ దారిలో మంచు కొండచరియలు జారే ప్రమాదం ఉంటుంది, టైర్లకి గొలుసులు బండిలో ఉండాలి, రోడ్డు మూసేసే రోజులూ ఉంటాయి. మిల్‌ఫర్డ్‌లో ఏడాదిలో సగం రోజులు వానే, వాన పడిందని ఏడవక్కర్లేదు, వాన పడితేనే వందల జలపాతాలు దిగుతాయి, ఎప్పుడూ పారేవి రెండే, లేడీ బోవెన్, స్టిర్లింగ్.

వ్యాసంలో నాకు నిజంగా కోపం వచ్చిన వాక్యం వేరే, "నచ్చిన చోట ఆపుకుని పడుకోవచ్చు" అన్నది. అక్కడ ఫ్రీడమ్ క్యాంపింగ్‌కి (డబ్బు కట్టే పార్కుల్లో కాకుండా బయట ఆపుకుని పడుకోవడానికి) 2011 నుంచి చట్టం ఉంది, 2023లో ఇంకా బిగించారు, కౌన్సిల్ స్థలాల్లో మామూలుగా సెల్ఫ్ కంటెయిన్డ్ (నీళ్లు, టాయిలెట్, చెత్త అన్నీ బండిలోనే చూసుకోగలదని) సర్టిఫికెట్ ఉన్న బండి అయితేనే ఒప్పుకుంటారు, కొత్త రూలు ప్రకారం ఆ బండిలో టాయిలెట్ బిగించి ఉండాలి, సీటు కింద దాచే పోర్టబుల్‌ది చెల్లదు. సర్టిఫికెట్ ఉన్నా కూడా ఊరూరికీ రూలు వేరు, బోర్డు చదవకుండా పడుకుంటే పొద్దున్నే అద్దం మీద 400 డాలర్ల నుంచి మొదలయ్యే ఫైను కాగితం. కాబట్టి రూటు వేసేటప్పుడు మొదట వేయాల్సినవి రాత్రి మకాములు. మూడు రాత్రులకి ఒకసారైనా కరెంటు ఉన్న సైటు, రెండు రోజులకి ఒకసారి డంప్ స్టేషన్ (టాయిలెట్ క్యాసెట్, మురికి నీళ్లు ఖాళీ చేసే చోటు) పడేలా చూసుకోవాలి. ఈ డంప్ స్టేషన్ ఊసు మీ పేజీలో ఎక్కడా లేదు! నలుగురు మనుషులకి టాయిలెట్ క్యాసెట్ రెండు రోజుల్లో నిండుతుంది, అది నిండిన తర్వాత ఎంత గొప్ప లోయలో ఉన్నా మనసు లోయ మీద ఉండదు. మౌంట్ కుక్ దగ్గర వైట్ హార్స్ హిల్‌లో డిపార్ట్‌మెంట్ ఆఫ్ కన్జర్వేషన్ వాళ్ల క్యాంప్‌సైట్ ఉంది, కరెంటు లేదు, చలి మామూలుగా ఉండదు, అయినా మేం అక్కడ రెండో రాత్రి కూడా ఉండిపోయాం ఎందుకంటే మొదటి రోజంతా మబ్బు, 3724 మీటర్ల కొండ ఎదురుగా ఉండి కూడా లేదు. మర్నాడు తెల్లారి తలుపు తీస్తే ఉంది. మీ ప్లాన్‌లో ఆ రెండో రాత్రికి చోటే లేదు.

"వెనక బెడ్ మీద పడుకుని కొండలు చూస్తూ ప్రయాణించవచ్చు" అన్నారు, వద్దు. బండి కదులుతున్నంతసేపూ అందరూ సీట్లో బెల్టు పెట్టుకునే ఉండాలి, చట్టం అది. గ్లేసియర్ దగ్గర దిగి మంచు ముట్టుకోవచ్చు అన్నారు, ఫాక్స్ గ్లేసియర్ లోయ రోడ్డు 2019 కొండచరియల తర్వాత మూతపడింది, ఫ్రాంజ్ జోసెఫ్‌ని దూరం నుంచే చూడాలి, మంచు మీద నడవాలంటే హెలికాప్టరే, ఆ ఖర్చు వేరే. ఖర్చంటే గుర్తొచ్చింది, డీజిల్ బండి అయితే పంపులో పోసేది కాక కిలోమీటరుకి ఇంత అని రోడ్ యూజర్ చార్జీ ఉంటుంది, బండి తిరిగిచ్చేటప్పుడు వసూలు చేస్తారు, 2000 కిలోమీటర్లకి అది చిన్న మొత్తం కాదు. ఇన్సూరెన్స్ కాగితంలో ఏ రోడ్ల మీద వెళ్లకూడదో ఉంటుంది, స్కిప్పర్స్ కాన్యన్ లాంటివి, అది చదివాకే రూటు గీయాలి. వనాకా నుంచి క్వీన్స్‌టౌన్‌కి క్రౌన్ రేంజ్ మీదుగా 70 కిలోమీటర్లే అని మీరు రాశారు, ఆ రోడ్డు 1121 మీటర్ల ఎత్తుకి ఎక్కి పాములా దిగుతుంది, పెద్ద బండికి క్రామ్‌వెల్ చుట్టి కవరావు లోయలోంచి రావడమే మేలు, 50 కిలోమీటర్లు ఎక్కువైనా బ్రేకులు కాలిన వాసన రాదు.

చివరికి మా 10 రాత్రులు ఇలా తేలాయి: టెకపో 1, మౌంట్ కుక్ 2, క్రామ్‌వెల్ 1, తె అనావు 2, క్వీన్స్‌టౌన్ 1, వనాకా 1, ఫ్రాంజ్ జోసెఫ్ 1, హోకిటికా 1. కైకౌరా పీకేశాం, తమ్ముడికి తిమింగలాలు చూడలేదని ఇప్పటికీ బాధే. ఇన్ని తీసేసినా హాస్ట్ దాటిన రోజు ఎక్కువే అయింది, మళ్లీ వెళ్తే అక్కడ ఇంకో రాత్రి కలుపుతా. 7 రోజులే ఉన్నవాళ్లకి నేనైతే పడమటి తీరం మొత్తం వదిలేయమంటా, బండి క్రైస్ట్‌చర్చ్‌లో తీసుకుని క్వీన్స్‌టౌన్‌లో వదిలేయండి, వన్ వే ఫీజు పడినా ఫర్వాలేదు.

కాబట్టి ఎడిటర్ గారూ, ఇంకోసారి ఇలాంటి రూటు వేస్తే ఊళ్ల మధ్య కిలోమీటర్లతో పాటు పెద్ద బండికి పట్టే గంటలు, ఆ నెలలో చీకటి ఎప్పుడు పడుతుందో, డీజిల్ పంపు, డంప్ స్టేషన్ ఎక్కడో గుర్తులు పెట్టి వేయండి, ఫొటో ఒకటి తగ్గినా ఏం కాదు.

ఇంకో ముక్క మర్చిపోయా. పడమటి తీరంలోనూ ఫియోర్డ్‌లాండ్‌లోనూ (మిల్‌ఫర్డ్ ఉన్న ప్రాంతం) శాండ్‌ఫ్లై అని చిన్న నల్ల ఈగ ఉంటుంది, కుడితే వారం దాకా గోక్కోవడమే, బండి తలుపు తీసి పెట్టారంటే లోపల నిండిపోతాయి. కెప్టెన్ కుక్ 1773లోనే ఫియోర్డ్‌లాండ్‌లోని డస్కీ సౌండ్‌లో దిగినప్పుడు వాటిని తిట్టుకుంటూ డైరీలో రాసుకున్నాడు. మీ పేజీలో మాత్రం దాని పేరే లేదు.

ఇట్లు,
వంతెనల దగ్గర బాణాలు చదివే పని చూసుకున్న ఒక పాఠకురాలు