కుడాగమ క్యాంపు అయిపోయింది, అందరికీ దండాలు

అందరికీ నమస్తే. క్యాంపు ముగించుకుని ఇల్లు చేరి పది రోజులు దాటింది. ఇన్నాళ్లూ రాయకపోవడానికి నా బద్ధకమే కారణం, ఇంకేం లేదు. డబ్బులు పంపినవాళ్లకి లెక్క చెప్పాలి, అంతకంటే ముందు మీరెవరూ చూడని కొందరికి దండం పెట్టుకోవాలి.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. శ్రీలంకలో అనురాధపురం జిల్లా తంబుత్తేగమ దగ్గర కుడాగమ అని ఒక ఊరుంది. అక్కడ ఉండేది అహికుంటకులు. పాములాడించి, కోతులాడించి, ఆడవాళ్లు చేతులు చూసి జోస్యం చెప్పి, తరతరాలు ఊరూరా తిరిగినవాళ్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, కానీ మన అక్షరాలు తెలియవు, పిల్లలు బడిలో చదివేది సింహళం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి దగ్గర పల్లె, నేను టీచర్ని. ఏప్రిల్ సెలవుల్లో తొమ్మిది రోజులు, 43 మంది పిల్లలు, మా నుంచి నలుగురం. పొద్దున చదువు, బొమ్మలు, సాయంత్రం ఆటలు, మధ్యలో పళ్ల పరీక్ష, ఒకరోజు బస్సులో కళావెవ చెరువుకి షికారు. ఇదీ ప్లాన్.

మొదటి దెబ్బ ఎయిర్‌పోర్టులోనే. నాలుగు బ్యాగుల్లో రెండు రాలేదు. వాచకాలు, క్రేయాన్లు వచ్చాయి, బూట్లు రాలేదు! అక్కడ పాఠ్యపుస్తకాలు, యూనిఫాం గుడ్డ ప్రభుత్వమే ఇస్తుంది, తెల్ల బూట్ల దగ్గరే ఇంట్లో వాళ్లకి ఇబ్బంది, అందుకే మీలో చాలామంది ప్రత్యేకంగా బూట్లకనే పంపారు. రెండు రోజులు ఫోన్ల మీద ఫోన్లు. ఆ విమాన కంపెనీ గురించి రాయడం మొదలుపెడితే ఈ పోస్టు ఇక్కడితో ఆగదు, వదిలేద్దాం.

ఇక చేసేది లేక హాల్లో పాత సింహళ పేపర్లు పరిచి పిల్లల్ని ఒక్కొక్కరినే నిలబెట్టి పెన్సిల్‌తో పాదాలు గీశాం. ఒక చిన్నది, ఆరేళ్లుంటాయేమో, పెన్సిల్ బొటనవేలు దాటగానే చక్కిలిగిలికి కాలు లాగేసుకునేది. మూడుసార్లు గీస్తే మూడు పాదాలొచ్చాయి, ఒకదానికొకటి పోలిక లేదు. చివరికి వాళ్ల నాయనమ్మ వచ్చి "కదలకు" అని ఒక్క మాట అంది. అచ్చం మా ఊళ్లో అన్నట్టే అంది. నాకు కాసేపు చెయ్యి ఆడలేదు.

ఆ పేపర్ల కట్ట పట్టుకుని తంబుత్తేగమలో చెప్పుల షాపుకెళ్లాం. షాపాయనకి మా భాష రాదు, మాకు ఆయన భాష రాదు, మధ్యలో కుడాగమ అమ్మాయి ఒకతి (క్యాంపంతా మా నోరు ఈ పిల్లే). ఆయన పేపర్లు కత్తిరించి ఒక్కో పాదాన్నీ ఒక్కో బూటులో దూర్చి చూసి 43 జతలు తీశాడు, ప్రతి పిల్లకీ ఒక సైజు పెద్దదే. సగం డబ్బే ఉంది మా దగ్గర. మిగతాది తర్వాత పంపండి అన్నాడు. ఊరు కాదు, దేశం కాదు, మళ్లీ వస్తామో రామో తెలియదు, కాగితం మీద సంతకం కూడా అడగలేదు. బాకీ పోయిన వారమే తీర్చాం.

నీళ్ల సంగతి ఉద్దానం వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఆ జిల్లాల్లోనూ 1990ల నుంచి మనలాగే కిడ్నీ జబ్బు, కారణం ఇదీ అని ఎవరూ తేల్చలేదు, పల్లెల్లో ఫిల్టర్ ప్లాంట్లు పెట్టుకుని ఆ నీళ్లే తాగుతున్నారు. బోరు నీళ్లు చూడగానే నాకు భయం. పక్క ఊరి రైతు ఒకాయన తొమ్మిది రోజులూ ట్రాక్టర్ మీద ప్లాంటు నీళ్లు తెచ్చి పోశాడు, డీజిల్‌కి కూడా పైసా తీసుకోలేదు. మాదీ అలాంటి ఊరే అని ఆ అమ్మాయి చేత చెప్పించాను. తల ఊపి డ్రమ్ము మూత సరిగా పెట్టి వెళ్లిపోయాడు.

అసలు గండం పండగతో వచ్చింది. ఏప్రిల్ 13, 14 వాళ్లకి కొత్త సంవత్సరం. పాత ఏడాదికీ కొత్త ఏడాదికీ మధ్య కొన్ని గంటలు 'నోనగతే' అంటారు, పొయ్యి వెలిగించకూడదు, పని చేయకూడదు. మళ్లీ పొయ్యి ఎప్పుడు వెలిగించాలో కూడా ముహూర్తం ఉంటుంది, దాన్ని 'నెకత్' అంటారు, మన నక్షత్రమే. ఉగాది ఎలా ఉంటుందో ఇదీ అంతే అనుకుని మేం తీరిగ్గా ఉన్నాం. వంటకొచ్చే అమ్మలు ముందురోజు చెప్పేసరికి టెన్షన్, షాపులు కూడా నాలుగైదు రోజులు మూతే. ఆదుకున్నది చూన్ పాన్ అబ్బాయి. చూన్ అంటే ట్యూన్, పాన్ అంటే రొట్టె, ఆటోలో పాట పెట్టుకుని వీధుల్లో బ్రెడ్డు అమ్ముతారు. తన పండగ మానుకుని ముందురోజు రాత్రి పదిన్నరకి బ్రెడ్డూ, మొసలి ఆకారంలో ఉండే కింబులా బన్నులూ బండి నిండా తెచ్చి దింపాడు. పండగ రోజు పిల్లలు మాకు 'కణ ముట్టి' ఆడి చూపించారు, కళ్లకి గంతలు కట్టుకుని కుండ పగలగొట్టడం. మన ఉట్టే!

బస్సు డ్రైవర్ని మరిచిపోకూడదు. దారి పొడుగునా "మల్లీ, మల్లీ" అని పిలుస్తుంటే ఆ మల్లి అనే పిల్ల ఎవరా అని నేను లిస్టులో వెతుక్కున్నాను. వాళ్ల భాషలో మల్లి అంటే తమ్ముడట. అక్క మాత్రం అక్కే.

ఇక లెక్క. ఇచ్ఛాపురం నుంచి డల్లాస్ దాకా అందరూ కలిపి పంపింది 1,86,500 రూపాయలు. ఖర్చు 1,79,240, షాపు బాకీతో కలిపి. మిగిలిన 7,260 ఆ ఊరి పిల్లల నోటుపుస్తకాలకి పంపేశాను. మా నలుగురి టికెట్లు మావే, ఇందులో లేవు. బిల్లులు ఎవరడిగినా చూపిస్తాను.

ఫోటోలు పెట్టలేదని కొందరు అడుగుతున్నారు. పెట్టను. బడిలో వీళ్లని పాములవాళ్ల పిల్లలని వెక్కిరిస్తారట, ఆ మాట చెప్పేటప్పుడు ఆ అమ్మాయి తలెత్తలేదు. మనం పంపిన బూట్లతో వాళ్ల ముఖాలు ఇక్కడ చూపించుకోవడం నాకు ఇష్టం లేదు, కోపమొస్తే రండి.

చివరగా ఒక సాయం. తప్పిపోయిన రెండు బ్యాగులూ మొన్న చెన్నైలో దొరికాయి, ఇప్పుడు మా ఇంట్లో ఉన్నాయి. తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంకా ఉన్నారు అక్కడ, ఈ బూట్లు వాళ్లకి సరిపోతాయి. కొలంబో వెళ్లేవాళ్లెవరైనా ఐదారు కిలోల లగేజీ ఖాళీ ఉంటే చెప్పండి. కాస్త తొందరగా, పిల్లల కాళ్లు ఆగవు కదా.