ఖార్కివ్ విద్యార్థుల గురించి

ప్రియ మిత్రమా,

ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ చదువుతూ, యుద్ధం మొదలయ్యాక 2022 మార్చిలో తిరిగివచ్చిన నీ మేనకోడలు ఇప్పటికీ దీపావళి టపాసులకు వణికిపోతోందనీ, అది పీటీఎస్‌డీయేనా (ఘోరమైన అనుభవం తర్వాత మనసును పట్టుకునే జబ్బు) అనీ అడిగావు. మనిషిని చూడకుండా జబ్బుకు పేరు పెట్టడం నాకు చేతకాదు గాని, తెలిసినంత రాస్తాను.

ఉలికిపాటు ఒక్కటే చూసి వైద్యులు ఆ మాట అనరు. ఆనాటి దృశ్యాలు పిలవకుండానే మనసులోకి రావడం, వాటిని గుర్తుచేసే మాటలకూ చోట్లకూ దూరంగా మసలడం, దేనిమీదా ఇష్టం కలగనంతగా మనసు మొద్దుబారడం, నిద్ర చెడి నిత్యం చెవులు రిక్కించుకుని ఉండడం, ఇవన్నీ నెల దాటి సాగుతూ రోజువారీ బతుకును దెబ్బతీస్తున్నప్పుడే అంటారు.

అయితే నన్ను ఎక్కువగా వేధించేది అక్కడే ఉండిపోయిన ఉక్రెయిన్ విద్యార్థుల సంగతి. ఖార్కివ్ రష్యా సరిహద్దుకు ఎంత దగ్గరంటే, క్షిపణి పడ్డాక సైరన్ మోగిన సందర్భాలున్నాయి. 2022 ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలయ్యాక వేలమంది మెట్రో స్టేషన్లలో తలదాచుకున్నారు. పాఠాలు ఆన్‌లైన్‌కు మారాయి. ఆ అక్టోబరు నుంచి విద్యుత్ కేంద్రాలపై దాడులు పెరగడంతో వాటికీ కరెంటు కరవైంది. పీటీఎస్‌డీని అంచనా కట్టేందుకు విస్తృతంగా వాడే ప్రశ్నావళిలో 20 ప్రశ్నలుంటాయి, ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు మార్కులు. అతిగా అప్రమత్తంగా ఉంటున్నారా అన్న ప్రశ్నకు అక్కడి కుర్రవాడు 4 వేస్తే దాన్ని జబ్బని ఎలా అంటాం? అతణ్ని బతికిస్తున్నదే ఆ అప్రమత్తత. అందుకే మొత్తం మార్కులు కూడి ఇంతమంది రోగులని తేల్చే వార్తలను నేను అనుమానంగానే చదువుతాను. అలాగని దాడి లేని రాత్రి కూడా కన్ను మూయలేనివాణ్ని, తోటివాళ్లను వదిలి దేశం దాటినందుకు తనను తాను క్షమించుకోలేని పిల్లను, చికిత్సకు యుద్ధం ముగిసేదాకా ఆగమనడం అన్యాయం. పరీక్ష మధ్యలో సైరన్ మోగితే మళ్లీ రాయనిచ్చి, రోజూ ఒకే వేళకు నలుగురినీ కలిపే తరగతి నడిపినా సగం వైద్యమేనని నా నమ్మకం. (తరగతంటే మనం ఎంత విసుక్కునేవాళ్లం!)

నీ మేనకోడలు ఉన్న ఊళ్లో బాంబులు పడవు కాబట్టి, ఆ అనుభవాన్ని నెమ్మదిగా, మెట్టుమెట్టుగా ఎదుర్కొనేలా చేసే చికిత్సకు అక్కడ వీలుంది. అది శిక్షణ ఉన్న సైకాలజిస్టు చేయాల్సిన పని. ధైర్యం తెచ్చుకోమంటూ పండుగ రాత్రి డాబా మీదికి లాక్కెళ్లవద్దని మీ అక్కయ్యకు చెప్పు. ముందుగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు. ఆ ఫోన్ మాత్రం నీ మేనకోడలినే చేయనివ్వండి. మీ బావగారు పక్కన నిలబడి జవాబులు అందించకుండా చూసే పూచీ నీది.

నీ మిత్రుడు