విప్పి మళ్లీ కుట్టిన చేతులకు

అందరికీ నమస్కారం. అక్టోబర్ చివరి ఆదివారం చెన్నై అడయార్‌లో జరిగిన బట్టల ప్రదర్శనకు చేయి వేసినవాళ్లందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలనే ఉంది. కానీ పేర్లు వేయొద్దని సగం మంది ముందే మాట తీసుకున్నారు. అందుకని పనిని బట్టి చెప్తున్నాం, ఎవరి పని ఏదో వాళ్లకు తెలుసు.

కుట్టినవి 22 జతలు, అన్నీ క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లకో, చికిత్స ముగించుకున్నవాళ్లకో. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ గదులు తీసుకుని ఉంటున్నవాళ్లు ఎక్కువ. మిగతావాళ్లు షావుకారుపేట, పెరంబూరు మనవాళ్లు. 1954లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి 12 పడకలతో మొదలుపెట్టిన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ అడయార్‌లోనే ఉంది కదా, ఆ గదులకు దగ్గరగా ఉంటుందని హాలు కూడా అక్కడే వెతికాం.

మొదటి దండం గోడౌన్ స్ట్రీట్ హోల్‌సేల్ అన్నయ్యకు. వెంకటగిరి, మంగళగిరి నూలు తానులు ఇచ్చి, మిగిలింది వెనక్కి తీసుకుంటానన్నారు. కొత్త గుడ్డను మూడుసార్లు ఉతకందే కత్తెర పెట్టలేదు. కుంచించుకుపోతుందన్నది ఒక కారణమే. అసలు ఇబ్బంది వాసన. కీమోలో ఉన్నవాళ్లకు గంజి వాసనే కడుపులో తిప్పుతుంది, ఇక శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డకు కరక్కాయ, గేదెపాల వాసన పట్టి ఉంటుంది. అక్టోబర్ వానల్లో ఉతికింది ఆరక ముక్కిన వాసన పడితే మళ్లీ మొదటికొస్తాం. వాషర్‌మెన్‌పేటలో రేకుల షెడ్డు, రెండు పెద్ద ఫ్యాన్లు పది రోజులు వదిలేసిన పిన్నిగారి వల్లే ఆ గండం గడిచింది.

ఇక కటింగ్ మాస్టరుగారు. నలభై ఏళ్లుగా జాకెట్లు కోస్తున్న మనిషి, అలవాటైన కొలతలన్నీ పక్కన పెట్టి కొత్త కాగితం తీసుకున్నారు. రొమ్ము ఆపరేషన్‌లో చంకలో గ్రంథులు తీసేస్తే ఆ వైపు చెయ్యి వాచే అవకాశం ఉంటుంది. అందుకే రెండు చేతుల చుట్టుకొలతా విడివిడిగా, అదీ వాపు ఎక్కువగా ఉండే సాయంత్రం పూట తీసుకున్నాం. ఆపరేషన్ వైపు చంక ఒక అంగుళం లూజు. చేతికి ఎలాస్టిక్ గానీ బిగువు పైపింగ్ గానీ లేదు, అంచు దగ్గర రెండున్నర అంగుళాల చీలిక వదిలి దారపు లూపుతో మూశారు. ట్రయల్‌లో గుండుసూదులు నిషేధం. చాలామందికి ఆపరేషన్ అయిన చోట చర్మం మొద్దుబారి ఉంటుంది, సూది గుచ్చుకున్నా తెలియదు. వాచే అవకాశం ఉన్న చేతికి గాటు పడకూడదు. అన్నీ కచ్చా కుట్లే. పక్క కుట్ల లోపల ఒకటిన్నర అంగుళం మార్జిన్ వదిలారు, ఎందుకంటే స్టెరాయిడ్లతో ఒళ్లు వస్తుంది, తిండి పోక తగ్గిపోతుంది. కొలత తీసిన మనిషి పది రోజుల్లో ఆ కొలతలో ఉండరు. ప్రదర్శనకు రెండు రోజుల ముందు తొమ్మిది జాకెట్లు విప్పి మళ్లీ కుట్టారు. విసుక్కోలేదు అని రాస్తే అబద్ధం, విసుక్కుంటూనే కుట్టారు.

జాకెట్లన్నీ ఫ్రంట్ ఓపెన్. కొన్ని కీమో మందుల వల్ల వేళ్లు తిమ్మిరెక్కి చిన్న హుక్కు పట్టదు, కాబట్టి రూపాయి బిళ్లంత గుండీలు, అడ్డ కాజాలు. మొదట వెల్క్రో వేశాం. నాలుగు ఉతుకులకే దారపు పోగులు ఇరుక్కుని పట్టు వదిలేసింది, అంచు చర్మాన్ని గీకింది. అయస్కాంతం గుండీలు సులువే గానీ, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు పనికిరావు, వద్దనుకున్నాం. లోపల, తీసేసిన రొమ్ము స్థానంలో నూలు రొమ్ము పెట్టుకునేందుకు, పల్చని మల్ గుడ్డ జేబు రెండు వైపులా పెట్టాం, ఆపరేషన్ ఒక వైపే అయినా సరే. ఒక్క వైపే పెడితే ఆ వైపు ఒక పొర ఎక్కువై బిగుస్తుంది, ముందు భాగం పక్కకు లాగుతుంది. మెడ ముందు ఐదున్నర అంగుళాలు దాటలేదు, వెనక మాత్రం ఎవరికెంత కావాలంటే అంత లోతు. వెనక తాళ్లు, కుచ్చులు అడిగినవాళ్లే ఎక్కువ! అవి అలంకారానికే, భుజం పట్టేసిన చెయ్యి వెనక్కి వెళ్లి ముడి వేయలేదు.

జేబుల్లో పెట్టే నూలు రొమ్ములు అల్లిన క్రోషే అక్కలకు ప్రత్యేకంగా చెప్పాలి. బార్బీ బొమ్మను తెచ్చిన రూత్ హ్యాండ్లర్‌కు 1970లో రొమ్ము తీసేశారు. తర్వాత ఆమె కృత్రిమ రొమ్ముల తయారీకి దిగి, చెప్పుల్లాగే కుడి ఎడమలు వేరుగా చేయించింది. మన అక్కలూ ఆ లెక్కే పట్టారు, చంక వైపు కాస్త సాగదీసి. అక్రిలిక్ ఊలు మన చెమటకు కుదరదు, నూలు దారమే. దిండ్ల ఫైబర్ బిగించి కూరితే మొన తేలుతుంది, తక్కువైతే ఉతికాక గడ్డ కడుతుంది. వెనక లాగుడు తాడు పెట్టి, ఫైబర్ బయటికి తీసి ఉతుక్కునేలా చేశారు. మచ్చకు ఆనే వైపు ఒక్క ముడి కూడా లేదు. బరువు కోసం గింజలు పోస్తే తడిసి మొలకెత్తుతాయి, ఆ సలహా ఇచ్చినవాళ్లు క్షమించాలి.

టోపీల సంగతి. 22 అంగుళాల తలకు హోజరీ గుడ్డ 20 అంగుళాలు కోశారు, సాగుడు తల చుట్టూ వచ్చేలా. జుట్టు పోయిన మాడుకు ఓవర్‌లాక్ కుట్టు ఆకురాయిలా తగులుతుంది. అందుకని కుట్టును బయటికి తిప్పి, దాని మీద అంగుళం వెడల్పు కలంకారీ పట్టీ వేశారు. చూసినవాళ్లకది అంచు. శాటిన్ మెరుస్తుంది గానీ జారిపోతుంది.

స్టోమా సంచి (పేగు ఆపరేషన్ తర్వాత మలం పడేందుకు పొట్టకు అతికించే సంచి) ఉన్న ఇద్దరికి లంగా బొందు సరిగ్గా సంచి మీదే పడుతోందని నర్సమ్మ చెప్పేదాకా మాకు తట్టలేదు. నాలుగంగుళాల హోజరీ పట్టీ వేసి నడుము పైకి జరిపాం. ఎడమ వైపు ఆపరేషన్ అయి జరీ పైట బరువు మోయలేనన్నవారికి కుడి పైట. ఛాతీలో కీమో పోర్టు (మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే చిన్న పరికరం) ఉన్నవారి కుర్తాకు కాలర్ ఎముక కింద ఐదంగుళాలు తెరుచుకునే ప్లాస్టిక్ ప్రెస్ బటన్లు.

తేదీ విషయంలో దారి చూపింది కూడా నర్సమ్మే. చాలా కీమో మందులకు ఎక్కించిన 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి, అప్పుడు జనంలోకి రాకూడదు. అందరికీ కుదిరే ఆదివారం లేదు, ముగ్గురు ఆగిపోయారు. వాళ్ల బట్టలు వేదిక మీద వేలాడదీద్దామనుకుంటే ఒకావిడ, "పోయినవాళ్లకు పెట్టినట్టుంటుందమ్మా" అన్నారు. నిజమే. ఇళ్లకు పంపించాం.

గులాబీ రిబ్బన్లు తెచ్చినవాళ్లకు థ్యాంక్స్, వాడనందుకు సారీ. 1992 నుంచి అది రొమ్ము క్యాన్సర్ గుర్తు. మా వరసలో నోటి క్యాన్సర్, పేగు క్యాన్సర్ వాళ్లూ ఉన్నారు. జబ్బు పేరు బట్ట మీద ఉండొద్దన్నది వాళ్లందరి మాట.

హాలువాళ్లు ఎత్తు వేదిక తీయించి నేల మీదే జంబుఖానా పరిచారు, అంచులు టేపుతో అతికించారు. అరికాళ్లు తిమ్మిరెక్కినవాళ్లకు మెట్టు, మడత రెండూ ప్రమాదమే. లైట్ల అన్న వేడి లైట్లు మార్చి ఎల్‌ఈడీలు పెట్టారు. పూలదండలు మానేసి కండువాలు కప్పాం.

మిగిలిన ముక్కలతో 8 × 10 అంగుళాల డ్రెయిన్ సంచులు 30 కుట్టాం, ఆపరేషన్ గాయం నుంచి ట్యూబులో దిగే నీరు పట్టే సీసా పెట్టుకోవడానికి. భుజానికి అడ్డంగా వేసుకునే పట్టీ, ట్యూబు మడత పడకుండా పక్కన రెండంగుళాల చీలిక. సంచి గాయం కన్నా కిందే వేలాడాలి. కావలసినవాళ్లు ఊరికే తీసుకెళ్లొచ్చు. జాకెట్ కాగితపు కోతలు కూడా ఇస్తాం, మాస్టరుగారు సరేనన్నారు. హాల్లో మరిచిపోయిన రెండు గొడుగులు, ఒక టిఫిన్ క్యారియర్ మూత మా దగ్గరే ఉన్నాయి.